రాట్నం ముందు కూర్చున్నాక ఫొటో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఊళ్లు తిరుగుతూ ఫొటోలు తీసేవాళ్లవీ, బొమ్మలు వేసేవాళ్లవీ. అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలు పెద్దవి కాబట్టి కాస్త కుదించాను.

ప్రశ్న: నేను ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్నాను. నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు. పొందూరు ఖద్దరు మీద ఫొటోలు తీద్దామని రెండుసార్లు వెళ్లాను. తీసినవన్నీ ఇంతకుముందు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. ముసలమ్మ, రాట్నం, నవ్వు. ఇంకేం తీయాలి?

రెండుసార్లు వెళ్లానని రాశారు గానీ ఒక్కోసారి ఎంతసేపు ఉన్నారో రాయలేదు. అరగంటలో తిరిగి వచ్చేశారని నా అనుమానం, ఎందుకంటే ముసలమ్మ, రాట్నం, నవ్వు అనేవి మొదటి అరగంటలో ఎవరికైనా దొరికే ఫొటోలే. మీ ఫోన్ తప్పేం లేదు ఇందులో.

పొందూరు సన్న ఖద్దరులో రాట్నం దాకా రాకముందే బోలెడు పని ఉంది, ఆ పనంతా చేత్తోనే జరుగుతుంది. గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. అవును, చేప దవడే. ఎవరినైనా అడిగి ఆ దవడ ముక్కను ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. సన్నటి పళ్లు గుంపుగా ఉంటాయి, బొటనవేలు ఒకవైపు రాస్తే జారిపోతుంది, ఇంకోవైపు రాస్తే పట్టేస్తుంది. ఆ పట్టుకే పత్తిలోని చెత్తా దుమ్మూ రాలిపోయి పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఇంకే దువ్వెనతోనూ పోగు అంత మెత్తగా సాగదని అక్కడివాళ్లు చెబుతారు. ఆ తర్వాత గింజ తీయడం, దూది ఏకడం, దాన్ని వడకడానికి వీలుగా ఏకులనే సన్నటి చుట్టలుగా చుట్టడం. చుట్టిన ఏకులు నలిగిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. అప్పుడు గానీ రాట్నం వంతు రాదు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, వంద నంబరు నూలు తీసే ఊరు అది. మీరు ఆఖరి పనితో మొదలుపెట్టారు కాబట్టి ఆఖరి పనే మీ ఫొటోల్లోకి వచ్చింది.

ఈసారి వెళ్లినప్పుడు మొదటి గంట ఫోన్ సంచిలోంచి తీయకండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మంలోనే నిలబడి ఫోన్ ఎత్తబోతే ఒకావిడ "ఏటి బాబూ, నిలబడే తీసేత్తావా, ముందు కూకో" అన్నారు. కూర్చున్నాక అర్థమైంది ఆవిడ చెప్పింది ఎంత సరైనదో. వడికేవాళ్లు నేల మీద కూర్చుంటారు, మనం నిలబడి తీస్తే ప్రతి ఫొటోలోనూ వాళ్ల నడినెత్తి, ముందు రాట్నం చక్రం, అంతే. వాళ్ల ఎత్తుకు దిగితే చేతులు కనిపిస్తాయి. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి ఏకును పట్టుకుని వెనక్కి, పైకి సాగుతుంది. ఆ ఎడమచేతికీ, దారం చుట్టుకునే పుల్ల కదురుకీ మధ్య ఉన్న జానెడు గాలిలో దారం పుడుతుంది. తీయాల్సింది అక్కడ.

అయితే వంద నంబరు దారం మామూలుగా ఫొటోలో పడదు, కంటికే సరిగా ఆనదు. దానికో చిన్న ఉపాయం ఉంది. దారం వెనక చీకటి ఉండాలి, వెలుగు పక్క నుంచి రావాలి. వెలుగు వచ్చే గుమ్మం మీకు ఎడమవైపో కుడివైపో ఉండేలా కూర్చోండి, లోపలి గది చీకటి దారం వెనక పడేలా చూసుకోండి. ఫ్లాష్ అసలు వద్దు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (అన్నీ మనమే మార్చుకునే సెట్టింగు) ఉంటే షట్టర్ వేగం సెకనులో 1/30 వంతుకి తగ్గించి, ఫోన్‌ను మోకాలికి ఆనించి తీయండి. చక్రం తిరుగుతున్నట్టు చెరిగిపోతుంది, చెయ్యి మాత్రం నిలుస్తుంది. పది తీస్తే ఒకటి వస్తుంది, విసుగు పడకండి.

ఆమదాలవలస నుంచి ప్యాసింజరు ఎక్కితే దూసి దాటగానే పొందూరు, అంత దగ్గర ఉండి రెండుసార్లతో సరిపెట్టకండి. పదిసార్లు వెళ్లండి. మూడోసారికే వాళ్లు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, అప్పటి ఫొటోలు మొదటివాటిలా ఉండవు.

ప్రశ్న: మాది విజయనగరమే. ప్రతి ఏడాదీ పైడితల్లి అమ్మవారి పండగలో పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను ఫొటో తీయాలని మూడు లాంతర్ల కూడలి దగ్గర పొద్దున్నే నిలబడతాను. జనం తలకాయలు, సెల్ ఫోన్లు తప్ప ఏమీ రావడం లేదు. ఎక్కడ నిలబడితే మంచిది?

ఎక్కడ నిలబడినా అదే గొడవ. మేడ మీది నుంచి తీసిన ఫొటో ఏటా పేపర్లో వస్తుంది, మంచి ఫొటోనే, కానీ అది మీరు కూడా తీయాల్సిన పని లేదు. సిరిమాను తిరిగే మంగళవారం మధ్యాహ్నం ఆ రెండు మూడు గంటల మీదే అందరూ పడతారు గానీ పైడితల్లి పండగ అంతకు చాలా రోజుల ముందే మొదలైపోతుంది. పూజారి కలలో అమ్మవారు చెప్పిన చోట చింతచెట్టు దొరుకుతుందని నమ్మకం. ఆ చెట్టు హుకుంపేటకు వస్తుంది, అక్కడ వడ్రంగులు దాన్ని సిరిమానుగా చెక్కుతారు. నేను ఈ పండగలో ఇష్టంగా తీసిన ఫొటోలన్నీ అక్కడివే. బాడిశ దెబ్బకు లేచిన చింతచెక్క పేళ్లు, వాటిని ఏరుకుంటున్న పిల్లలు, ఇంటికి తీసుకెళ్లడానికి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెడుతున్న అమ్మలు. అక్కడ తొక్కిసలాట ఉండదు, వెలుగు ఉంటుంది, మాట్లాడే తీరిక ఉంటుంది.

తర్వాత సిరిమానుకు ముందురోజు, సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. ఆ గింజలు తమ విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగుంటుందని చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. కండువా కొంగులో గుప్పెడు గింజలు ముడివేసుకునే చెయ్యి ఒక్కటి బాగా తీయండి చాలు, ఈ పండగ పల్లెటూరి రైతుది అని ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

మంగళవారం కూడా తీయాలనే ఉంటే సిరిమాను కోసం కాకుండా దాని ముందు నడిచేవాటి కోసం నిలబడండి. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వలను భుజాల మీద వేసుకుని నడిచేవాళ్ల ముఖాల్లో ఉండే నిష్ఠను ఎవరూ సరిగా తీయలేదని నా బాధ. సిరిమాను ఎలాగూ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి దణ్ణం పెట్టుకోండి, రెండోసారి చుట్టూ ఉన్నవాళ్లు అరటిపళ్లు విసరడం తీయండి, మూడోసారి పైన కూర్చున్న పూజారిని తీయండి.

ప్రశ్న: అరసవల్లి సూర్యదేవాలయంలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే ఫొటో తీయడానికి ఏ లెన్సు కావాలి?

ఏ లెన్సూ వద్దు. లోపల ఫొటోలు తీయనివ్వరు, తీయకూడదు కూడా. మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దు పొడిచాక కొన్ని నిమిషాలు కనిపిస్తుంది, మబ్బు పడితే అదీ లేదు. వెళ్లి కళ్లతో చూడండి. బయటికి వచ్చాక పుష్కరిణి మెట్ల మీద కూర్చుని, అదే వెలుగు దర్శనం అయి వస్తున్నవాళ్ల ముఖాల మీద ఎలా పడుతోందో తీయండి, లేదా ఇంటికి వచ్చి గుర్తున్నంత మేర రంగుల్లో వేయండి.

ప్రశ్న: నేను బొబ్బిలిలో రిటైరైన టీచర్ని. నీటిరంగుల బొమ్మలు వేస్తాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు బయట కూర్చోలేను. ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇంట్లో చూసి వేస్తున్నాను. మా మనవడు అది కాపీ అంటున్నాడు. తప్పా?

తప్పేం కాదు మాస్టారూ. కానీ ఫొటో ఒక్కదాన్నే నమ్ముకుంటే రంగు దగ్గర మోసపోతాం. మీ ఊరి సంగతే తీసుకుందాం. గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ల ఇంటి ముందు అప్పుడే కోసిన పనస దుంగ చూసే ఉంటారు. పచ్చి పనస లోపలి రంగు పసుపుకొమ్ము విరిచినట్టు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది తేనెరంగుకు, తర్వాత ముదురు గోధుమకు తిరుగుతుంది. ఒకే వాకిట్లో కొత్త దుంగ, సగం తొలిచిన వీణ కుండ, పాత వీణ పక్కపక్కనే ఉంటే ఆ మూడు రంగులూ కలిసి కథ చెబుతాయి. ఫోన్ ఏం చేస్తుందంటే పసుపు ఎక్కువైందనుకుని దానంతట అదే చల్లబరిచేస్తుంది, మూడూ ఒకే రంగు కట్టెల్లా కనిపిస్తాయి. మీరు ఇంటికి వచ్చి ఆ ఫొటో చూసి వేస్తే ఫోన్ చేసిన తప్పు మీ బొమ్మలోకి వచ్చేస్తుంది.

అందుకని పది నిమిషాలు చాలు, అక్కడే అరుగు మీద కూర్చుని పోస్టుకార్డు అంత కాగితం మీద గీతలు వద్దు, రంగులు మాత్రం పక్కపక్కన చుక్కలుగా పెట్టుకోండి. వెలుగు ఎటు నుంచి వస్తోందో బాణం గుర్తు వేసుకోండి. ఆకారం కోసం ఫొటో, రంగు కోసం ఆ కార్డు. ఏకాండి వీణ అంటే కుండ, దండి, తల అన్నీ ఒకే దుంగలోంచి తీసినదని మీకు తెలిసిందే, అతుకు లేని ఆ ఒంపు గీసేటప్పుడు మీ గీత కూడా మధ్యలో ఆగకుండా చూసుకోండి. ఆ ఒంపు ఫొటో చూసి వేస్తే ఎందుకో బిగుసుకుపోతుంది, ఎదురుగా చూసి ఒక్కసారైనా గాలిలో చేత్తో గీసుకుంటే వస్తుంది.

మీ మనవడికి ఒక మాట చెప్పండి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చందమామ, యువ పత్రికల్లో చూసి మా ఇళ్లలో ఎంతమంది బొమ్మలు నేర్చుకున్నారో లెక్కలేదు. ముందు చూసి వేశాం, ఆ తర్వాతే సొంత గీత వచ్చింది.

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. సంక్రాంతికి వస్తున్నాం, పిల్లలు పదేళ్లు, పన్నెండేళ్లు. ఇద్దరికీ ఫొటోల పిచ్చి. రెండు రోజుల్లో ఏం చూపించాలి?

మొదటి పొద్దు పక్షుల ఊరు తేలినీలాపురం. సంక్రాంతి రోజులంటే సరైన సమయం. గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులనే కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు, బోర్డుల మీదా రాస్తారు. కానీ ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే, సంతానం కోసం చోటు మారుతూ వస్తాయి. పిల్లలకు నిజం చెప్పండి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు, ఆ మాట కూడా చెప్పండి, అది సైబీరియా కంటే గొప్ప సంగతి. అరవడం, చెట్ల కిందికి పరుగెత్తడం వద్దు. తల్లి లేస్తే గూట్లో పిల్ల ఎండకు మాడిపోతుంది, కాకులు కాచుకుని ఉంటాయి.

రెండో రోజు శ్రీముఖలింగం. అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడు. అందరూ మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని వెళ్లిపోతారు, మీరు సోమేశ్వరాలయం దగ్గర ఆగండి. గోడల మీది శిల్పాలు నడిమధ్యాహ్నం చప్పగా ఉంటాయి, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో ముక్కూ పెదవీ తేలి కనిపిస్తాయి. పిల్లలిద్దరికీ చెరో శిల్పం అప్పగించి ఒకరిని ఫొటో తీయమనండి, ఒకరిని గీయమనండి, తర్వాత మార్చుకోమనండి. గీసినవాడికి వేళ్లు ఎన్ని ఉన్నాయో గుర్తుంటుంది.

టైం మిగిలితే బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ. లేకపోతే వచ్చే ఏడాది.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో చిన్న బొటిక్ నడుపుతున్నాను. సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్ల గోడల మీది బొమ్మలు చాలా నచ్చాయి. ఫొటోలు తీసి, అవే బొమ్మలు దుపట్టాల మీద వేయించి అమ్మాలనుకుంటున్నాను. ఎవరి పర్మిషన్ అయినా కావాలా?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, చాలామంది అడగకుండానే మొదలుపెట్టేస్తారు.

ముందు ఆ బొమ్మ ఏమిటో తెలుసుకోండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, చెట్లు ఇంటి అలంకారం కోసం వేసినవి కావు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట పండాలని వేస్తారు. ఆ గీసిన చట్రం లోపలికి పెద్దలు వచ్చి ఉంటారని నమ్మకం. అంటే మీరు ఫొటో తీసిన గోడ ఒక ఇంటివాళ్లకు దేవుడి గది లాంటిది. మన దేవుడి గదిలోకి ఎవరో చెప్పకుండా వచ్చి ఫొటో తీసుకుని మూలవిరాట్టును దుపట్టా అంచు మీద అచ్చేస్తే మనకు ఎలా ఉంటుంది?

అలాగని వద్దు అనడం లేదు. ఆ బొమ్మల్ని బట్ట మీద, కాగితం మీద అమ్మకానికే వేసే సవర యువకులు ఉన్నారు. గోడ మీదిది ఎత్తుకోకుండా వాళ్లతోనే వేయించండి. ఏది అమ్మకానికి పనికొస్తుందో, ఏది ఇంట్లోనే ఉండాలో వాళ్లే చెబుతారు. దుపట్టాకు కట్టే చీటీ మీద వేసినవారి పేరు, ఊరు రాయండి. ఒక్కసారి డబ్బులిచ్చి ఆ గీతను ఏళ్ల తరబడి అచ్చు వేసుకోవడం కాకుండా ప్రతి దుపట్టాకూ ఇంత అని మాట్లాడుకోండి. ధర కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

వీలైతే నాలుగు సవర మాటలు నేర్చుకుని వెళ్లండి. మన పక్కనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల గురించి రాయడానికి ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో లోకానికి చూపించిందీ ఆయనే. చుట్టూ ఉన్నదాన్ని చూడటం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

ప్రశ్న: ఊళ్లలో ఫొటో తీస్తే కొందరు డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వడం మంచిదా, చెడ్డ అలవాటు చేసినట్టా?

పని ఆపి మీ కోసం కూర్చుంటే ఇవ్వండి, అందులో చెడు ఏముంది? ఆ గంటలో ఆయన చేసుకునే పని విలువ ఎంతో అంత ఇవ్వండి. లేదా ఆయన చేసిన వస్తువు ఒకటి బేరం ఆడకుండా కొనండి. దారిన పోతూ తీసుకుంటే మాత్రం డబ్బు సంగతి కాదు, అడిగి తీయాలి, వద్దంటే మానేయాలి.

కానీ డబ్బు కంటే పెద్ద బాకీ ఇంకోటి ఉంటుంది. చాలా ఏళ్ల కిందట బుడితిలో ఇత్తడి పనివారి ఇంట్లో ఒక పెద్దాయన్ని తీశాను. కొలిమి ముందు గొంతుకు కూర్చుని, చెంబు మూతిని పట్టకారుతో తిప్పుతూ, నిప్పు వెలుగు గడ్డం కింద పడుతోంది. నేను తీసినవాటిలో అంత మంచి ముఖం ఇంకోటి లేదు. వెళ్లేటప్పుడు "ఫొటో తెచ్చిత్తావా బాబూ" అన్నారు. తెస్తానన్నాను. పనుల్లో పడి మూడేళ్లు వెళ్లలేదు. ప్రింటు తీసుకుని వెళ్లేసరికి గోడ మీద ఆయన ఫొటోకు దండ ఉంది. ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు, ముఖమంతా చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది, కళ్లు సరిగా లేవు. నా చేతిలో కవరు అలాగే ఉంది. వాళ్లావిడ ఆ ప్రింటు తీసుకుని చాలాసేపు చూసి, నన్ను ఒక్కమాట అనలేదు, మజ్జిగ ఇచ్చింది. దండ ఉన్న ఫొటో తీసి ఇది పెట్టారు. మూడేళ్లు ఆ ఇంట్లో ఉండాల్సిన ముఖం నా హార్డ్ డిస్కులో ఉంది, దానికి నేను ఏం చెప్పుకోను.

అప్పటి నుంచి నెల దాటనివ్వను. స్టూడియోలో చిన్న సైజు ప్రింటు ఖరీదు ఒక టిఫిన్ ఖర్చు కూడా కాదు. వాట్సాప్‌లో పంపాను కదా అనకండి, ఆ ఫోన్ వాళ్లబ్బాయిది అయ్యుంటుంది, ఆ అబ్బాయి చెన్నైలోనో విశాఖలోనో ఉంటాడు. కాగితం మీద ఇవ్వండి, చేతికివ్వండి.

ప్రశ్న: వేల ఫొటోలు పేరుకుపోయాయి. ఏది ఎక్కడ తీశానో గుర్తుండటం లేదు. ఎలా దాచుకోవాలి?

తీసిన రోజు రాత్రే ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఊరు, తేదీ, ఆ మనిషిని ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ పేరు, పనిముట్లను వాళ్లు ఏమంటారో ఆ మాటలు. కదురు, నాడె, బాడిశ, పట్టకారు లాంటివి విన్నవి విన్నట్టు తెలుగులోనే రాయండి. నచ్చిన ఫొటోలు నెలకు ఇరవై చొప్పున ప్రింట్లు వేయించి వెనక పెన్సిల్‌తో అదే సమాచారం రాయండి, పెన్ను సిరా పక్క ఫొటోకు అంటుకుంటుంది. రెండేసి ప్రింట్లు వేయించండి. ఒకటి మీకు, ఒకటి వాళ్లకు.